ఆటో ప్రమాదంలో తలకు ఎంత దెబ్బ తగులుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఎలా?

అనంతపురం, కర్నూలు, కడప ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్ ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే చాలామంది బంపర్ క్రాష్ అనాలిసిస్ ఎంచుకుంటారు. ఒక బంపర్ గీస్తారు, గోడకు కొట్టిస్తారు, ఎర్ర రంగు నీలం రంగు బొమ్మలు తీసి రిపోర్టులో పెడతారు. బండికి ఏమైందో అందులో కనిపిస్తుంది. బండిలో కూర్చున్న మనిషికి ఏమైందో మాత్రం కనిపించదు. ఆ మనిషిని లెక్కలోకి తేవడం ఎలాగో ఇక్కడ మొదటి నుంచి చెబుతాను. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, అంటే వస్తువును ఎలిమెంట్లనే చిన్న చిన్న ముక్కలుగా (మెష్‌గా) విడగొట్టి లెక్కగట్టడం, కాస్త పరిచయం ఉంటే చాలు. లైసెన్సులకు లక్షలు పెట్టాల్సిన పని లేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. 2023 అక్టోబర్ 1 నుంచి మొదలైన భారత్ ఎన్‌క్యాప్, అంటే క్రాష్ టెస్టు చేసి భద్రతకు ఇచ్చే స్టార్ రేటింగులు, కార్లకే. వేరుశెనగ పీకేటప్పుడో, మిరప కోతలప్పుడో తెల్లవారుజామున ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే కూలీలకు ఏ స్టార్లూ లేవు. డోన్, గుత్తి మీదుగా వెళ్లే 44వ నంబరు హైవే పక్కన ఓ పది నిమిషాలు నిలబడితే రోజూ ఎవరు ఎలా ప్రయాణిస్తున్నారో మీకే కనిపిస్తుంది. ఐఐటీ ఢిల్లీ వాళ్లు మూడు చక్రాల ఆటోల మీద క్రాష్ సిమ్యులేషన్లు చేశారు. ఆ దారిలో మన జిల్లాల పిల్లలు చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది. అందుకే ఉదాహరణగా కారు కాకుండా ఆటో తీసుకుంటున్నాను.

మొదటి పని: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"ఆటో ప్రమాదంలో గాయాల అధ్యయనం" అనేది ప్రశ్న కాదు. దానికి జవాబు రాదు. ఎవరు, ఎక్కడ కూర్చున్నారు, ఎంత వేగంలో దేనికి తగిలారు, ఒంట్లో ఏ భాగం చూస్తున్నాం, దేన్ని మార్చి చూస్తున్నాం: ఈ ఐదూ వాక్యంలో ఉండాలి. మన ఉదాహరణ ఇది: ఆటో గంటకు 30 కి.మీ. వేగంతో ఆగి ఉన్న లారీని గుద్దితే, వెనక సీటులో మధ్యన కూర్చున్న చిన్న ఒడ్డు పొడుగు మహిళ తల, డ్రైవరు వెనక అడ్డంగా ఉన్న ఇనుప రాడ్డుకు తగిలినప్పుడు దెబ్బ ఎంత, రాడ్డుకు ప్యాడ్ వేస్తే అది ఎంత తగ్గుతుంది?

ఇలాంటివే మీరు ఇంకా కొన్ని తయారు చేసుకోవచ్చు. బైకు వెనక ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చున్న ఆమె కింద పడితే తల ఏ వేగంతో రోడ్డును తాకుతుంది? గువ్వలచెరువు ఘాట్‌లో కారు రెయిలింగును గుద్దితే బెల్టు పెట్టుకోని వెనక సీటు మనిషి ముందు సీటు వెనక భాగాన్ని ఎలా తాకుతాడు? ఏది తీసుకున్నా ఒకటే తీసుకోండి. మూడు ప్రశ్నలు పెట్టుకున్న బ్యాచ్‌కు చివరికి ఒక్క దానికి కూడా గట్టి జవాబు దొరకదు.

రెండో పని: కంప్యూటర్ తెరవక ముందు కాగితం మీద లెక్క

దీన్ని దాటేయకండి. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో విలువైన గంట ఇదే. సిమ్యులేషన్ ఏ అంకె ఇచ్చినా అది నమ్మదగినదా కాదా అని తేల్చుకునే కొలత ఇక్కడే తయారవుతుంది.

గంటకు 30 కి.మీ. అంటే సెకనుకు 8.33 మీటర్లు. ఆటోకు ముందు బానెట్ లేదు కాబట్టి నలగడానికి చోటు తక్కువ. 20 సెం.మీ. నలిగి ఆగిందనుకుందాం. వేగం వర్గాన్ని, ఆగిన దూరానికి రెట్టింపుతో భాగిస్తే వేగంలో సగటు తగ్గుదల సెకనుకు సెకనుకు 174 మీటర్లు, అంటే సుమారు 17.7 జీ (ఒక జీ అంటే భూమి గురుత్వ త్వరణం). ఆగడానికి పట్టిన సమయం 48 మిల్లీసెకన్లు. ఇప్పుడు మనిషిని చూడండి. ఆమెకు బెల్టు లేదు. ఆమె తలకు, రాడ్డుకు మధ్య 40 సెం.మీ. ఖాళీ ఉందనుకుందాం. ఆ 48 మిల్లీసెకన్లలో ఆమె 40 సెం.మీ. ముందుకు వస్తుంది. అదే సమయంలో ఆటో కూడా 20 సెం.మీ. ముందుకు కదిలింది. కాబట్టి ఆటో పూర్తిగా ఆగిపోయేసరికి ఆమె ఇంకా రాడ్డుకు 20 సెం.మీ. దూరంలో ఉంటుంది, వేగం మాత్రం దాదాపు 8.33 మీటర్లే. సీటు రాపిడి, చేతుల పట్టు ఎంతో కొంత తగ్గిస్తాయి కానీ ఆటో ముందు భాగం నలగడం వల్ల ఆమెకు పెద్దగా లాభం లేదు. బెల్టు లేని మనిషి విషయంలో అసలు కథ ఇదే. ఇంకో 24 మిల్లీసెకన్ల తర్వాత, అంటే 72వ మిల్లీసెకను దగ్గర, ఆమె రాడ్డును తాకుతుంది.

ఇక తల. తల గాయానికి ప్రపంచమంతా వాడే కొలత హెడ్ ఇంజురీ క్రైటీరియన్, పొట్టిగా హెచ్‌ఐసీ. తల గురుత్వ కేంద్రం దగ్గర త్వరణాన్ని జీల్లో తీసుకుని, ఒక చిన్న కాల వ్యవధిలో దాని సగటు కట్టి, ఆ సగటును 2.5 ఘాతానికి పెంచి, వ్యవధి సెకన్లతో గుణించాలి. 15 మిల్లీసెకన్లకు మించని వ్యవధులన్నిట్లో ఏది ఎక్కువ వస్తే అదే హెచ్‌ఐసీ 15. అమెరికా నిబంధనల్లో దీని హద్దు 700.

తల నేరుగా ప్యాడ్‌కు తగిలి, ప్యాడ్ మొదటి నుంచి చివరి వరకు ఒకే బలంతో నలుగుతూ తలను ఆపిందనుకోండి. మామూలు ఫోమ్ ప్యాడ్ నుంచి ఇంతకు మించిన మేలు ఆశించలేం. ఆ లెక్కన 20 మి.మీ. నలిగితే తగ్గుదల 177 జీ, హెచ్‌ఐసీ సుమారు 2000. 30 మి.మీ. నలిగితే 118 జీ, సుమారు 1090. 40 మి.మీ. నలిగితే 88 జీ, అప్పటికి గానీ 700 దగ్గరికి రాదు. వట్టి ఇనుప రాడ్డయితే ఆగే దూరం కొన్ని మిల్లీమీటర్లే. అంకె ఎంత ఘోరంగా వస్తుందో మీరే వేసి చూడండి.

ఫోమ్ తన మందంలో మూడింట రెండు వంతుల వరకు నలిగి, ఆ తర్వాత గట్టిపడిపోతుంది. కాబట్టి 40 మి.మీ. నలగాలంటే 60 మి.మీ. మందం కావాలి. మరో సంగతి. 4.5 కిలోల తలను ఆ తగ్గుదలతో ఆపడానికి 3.9 కిలోన్యూటన్ల బలం కావాలి. తగిలే చోటు 30 చదరపు సెం.మీ. అనుకుంటే ఫోమ్ మీద ఒత్తిడి 1.3 మెగాపాస్కల్స్. సీటు కుట్టే షాపులో దొరికే స్పాంజి కొన్ని కిలోపాస్కల్స్‌కే నలిగిపోతుంది. అంటే రాడ్డుకు స్పాంజి చుట్టి రెగ్జిన్ కుట్టించడం చూడటానికి బాగుంటుంది తప్ప ఈ వేగంలో తలను కాపాడలేదు. హెల్మెట్ లోపల ఉండే గట్టి థర్మోకోల్ లాంటి పదార్థం కావాలి, రాడ్డును వెడల్పు కూడా చేయాలి. ఇంకా ఒక్క సాఫ్ట్‌వేర్ కూడా తెరవలేదు, ప్రాజెక్టుకు దారి అప్పుడే దొరికింది.

మూడో పని: ఏ శరీరాన్ని కూర్చోబెట్టాలి?

మూడు రకాలున్నాయి. మొదటిది క్రాష్ డమ్మీ మోడల్. డమ్మీ అంటే క్రాష్ టెస్టుల్లో మనిషి బదులు కూర్చోబెట్టే బొమ్మ. 1976లో జనరల్ మోటార్స్ తయారు చేసిన హైబ్రిడ్ 3 డమ్మీకి ఇది కంప్యూటర్ రూపం. ఎత్తు 175 సెం.మీ., బరువు 78 కిలోల మగ శరీరం. ఇదే వరుసలో సుమారు 150 సెం.మీ., 49 కిలోల చిన్న మహిళ డమ్మీ కూడా ఉంది. రెండోది మల్టీబాడీ మోడల్. కీళ్లతో కలిపిన గట్టి భాగాలు మాత్రమే ఉంటాయి, నిమిషాల్లో ఫలితం ఇస్తుంది. మడైమో అనే సాఫ్ట్‌వేర్ దీనికి పేరుపొందింది. మూడోది పూర్తి మానవ శరీర మోడల్. ఎముకలు, లిగమెంట్లు, మెదడు, ఊపిరితిత్తులు అన్నీ ఎలిమెంట్లుగా ఉంటాయి.

ఈ మూడో రకంలో టొయోటా వాళ్ల థమ్స్ 2000లో మొదలైంది. 2021 నుంచి ఉచితంగా ఇస్తున్నారు, రిజిస్టర్ చేసుకుని అడగాలి. మగవాళ్లలో సగటు, పెద్ద శరీరాలు, ఆడవాళ్లలో చిన్న శరీరం అందులో ఉన్నాయి. స్వీడన్‌లోని చామర్స్ యూనివర్సిటీ ముందుండి చేసిన వివా ప్లస్ ఓపెన్ సోర్స్ మోడల్. అది మొదలైందే సగటు మహిళ శరీరంతో, సుమారు 162 సెం.మీ., 62 కిలోలు. ఈ రంగంలో దశాబ్దాల పాటు మగ శరీరాన్నే కొలతగా పెట్టుకున్నారు. ఆ లోటు పూడ్చడానికి చేసిన పని కనుక నాకు ఇది ప్రత్యేకంగా నచ్చుతుంది. పిల్లల శరీరాలు కావాలంటే యూరప్‌లో చేసిన పైపర్ ప్రాజెక్టు మోడల్ ఉంది. అది కూడా ఓపెన్ సోర్సే.

మన ఉదాహరణకు నా సలహా ఇదీ: ముందు చిన్న మహిళ డమ్మీతో చేయండి. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు సుమారు 152 సెం.మీ. కాబట్టి ఆ శరీరమే మన కూలీ అమ్మలకు దగ్గర. డమ్మీతో అంతా సజావుగా నడిచాక మానవ మోడల్ పెట్టండి. మొదటి రోజే థమ్స్ తెరిస్తే అది 20 లక్షల దరిదాపుల్లో ఎలిమెంట్లున్న మోడల్, ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. శరీరం మారితే తగిలే చోటూ మారుతుందని మాత్రం మర్చిపోకండి. పొడుగు మగవాడికి ఛాతీకి తగిలే రాడ్డు పొట్టి మహిళకు గొంతుకో, దవడకో తగలవచ్చు. తలకు తగలకుండా గొంతుకు తగిలితే హెచ్‌ఐసీ తక్కువే చూపిస్తుంది, ప్రాణం మాత్రం పోవచ్చు. అంకె చూసే ముందు ఏది ఎక్కడ తగిలిందో యానిమేషన్‌లో చూడాలి.

నాలుగో పని: సాఫ్ట్‌వేర్, యూనిట్లు

లారెన్స్ లివర్‌మోర్ లేబొరేటరీలో 1976లో జాన్ హాల్‌క్విస్ట్ రాసిన ప్రోగ్రాం నుంచి పుట్టిందే ఎల్ఎస్-డైనా. ఇప్పుడు ఆన్సిస్ చేతిలో ఉంది. స్టూడెంట్ వెర్షన్ ఉచితమే కానీ మోడల్ సైజుకు పరిమితి ఉంటుంది, పూర్తి మానవ మోడల్ అందులో పట్టదు. 2022లో ఆల్టెయిర్ వాళ్లు ఓపెన్‌రేడియాస్‌ను ఓపెన్ సోర్స్ చేశారు. దానికి సైజు పరిమితి లేదు. ఎల్ఎస్-డైనా ఫైళ్లను చాలావరకు నేరుగా చదువుతుంది, అన్ని కీవర్డులనూ కాదు. మోడల్ సిద్ధం చేసుకోవడానికి ఎల్ఎస్-ప్రీపోస్ట్, ఫలితాలు చూడటానికి పారావ్యూ, రెండూ ఉచితం. ఆటో కాకుండా కారు ప్రశ్న తీసుకున్నవాళ్లకు అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ సెంటర్ 2010 టొయోటా యారిస్ వంటి కార్ల మోడల్స్‌ను ఉచితంగా పెట్టింది.

యూనిట్లను మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. ఈ సాఫ్ట్‌వేర్లకు యూనిట్లు తెలియవు, మీరిచ్చిన అంకెల్ని గుడ్డిగా నమ్ముతాయి. కిలో, మిల్లీమీటరు, మిల్లీసెకను పద్ధతిలో ఉక్కు సాంద్రత 0.00000785, యంగ్స్ మాడ్యులస్ 210, గురుత్వాకర్షణ 0.00981, మన వేగం 8.33. టన్ను, మిల్లీమీటరు, సెకను పద్ధతిలో అదే ఉక్కుకు 0.00000000785, 2,10,000. దించుకున్న శరీర మోడల్ ఏ పద్ధతిలో ఉందో చూసి మీ ఆటోను దానికి మార్చండి. శరీరాన్ని ఆటోకు మార్చబోకండి, వందల మెటీరియల్స్ మార్చాల్సి వస్తుంది.

ఐదో పని: మెకానిక్ షెడ్డుకు వెళ్లండి

ఆటో మొత్తాన్ని గీయక్కర్లేదు. సీటు, నేల, రాడ్డు, రాడ్డును పట్టి ఉంచే ఫ్రేము చాలు. మిగతా ఆటో పని ఒక్క త్వరణం కర్వు చేస్తుంది. దీన్నే స్లెడ్ పద్ధతి అంటారు. టేపు, వెర్నియర్ తీసుకుని ఆటోలు రిపేరు చేసే షెడ్డుకు వెళ్లండి. ఎందుకు కొలుస్తున్నారో ఓనరుకు, మేస్త్రీకి చెప్పి అడగండి. కూర్చునే చోటు నుంచి రాడ్డు ఎంత ఎత్తులో ఉంది, ఎంత ముందుంది, రాడ్డు వ్యాసం, రాడ్డు పైపు గోడ మందం, వెల్డింగ్ ఎక్కడ చేశారు, సీటు పలక ఎంత వాలుగా ఉంది, ఇవన్నీ రాసుకోండి. ఒక్క ఆటో కొలిచి ఊరుకోకండి. బాడీ కట్టే షెడ్డును బట్టి రాడ్డు ఎత్తు మారుతుంటుంది. ఆ తేడాలే తర్వాత మీ పారామెట్రిక్ స్టడీకి, అంటే ఒక్కో విలువ మార్చి చూడటానికి, పనికొస్తాయి. డ్రైవర్లు చెప్పేది కూడా వినండి. బ్రేకు వేస్తే వెనకవాళ్లు దేన్ని పట్టుకుంటారు, మధ్యలో పలక వేసి ఇంకొకరిని కూర్చోబెడతారా లేదా అన్నవి ఏ పుస్తకంలోనూ దొరకవు.

అదే షెడ్డు నుంచి సీటు స్పాంజి ముక్క, మీరు అనుకుంటున్న ప్యాడ్ పదార్థం ముక్క తెచ్చుకోండి. 50 మి.మీ. ఘనాలుగా కోసి, తూకం వేసి సాంద్రత కట్టి, కాలేజీ యూటీఎం (పదార్థాలను లాగి, నొక్కి పరీక్షించే యంత్రం) మీద నొక్కి స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వు తీయండి. నెట్‌లో దొరికిన ఎవరిదో కర్వు కన్నా ఇది వంద రెట్లు నయం. యూటీఎం మెల్లగా నొక్కుతుంది, ప్రమాదంలో నలగడం వేల రెట్లు వేగంగా జరుగుతుంది, వేగం పెరిగితే ఫోమ్ గట్టిపడుతుంది. ఆ మాట రిపోర్టులో రాసి, కర్వును కొంచెం పెంచి కూడా ఒక రన్ చేయండి.

ఫోమ్ పెట్టిన ప్రతివాళ్లకూ ఒకరోజు నెగటివ్ వాల్యూమ్ అనే ఎర్రర్ వస్తుంది. ఫోమ్ ఎలిమెంట్ తనలోకి తాను తిరగబడిందని అర్థం. టెన్షన్ పడకండి. కర్వును చివర్లో బాగా ఎక్కువ స్ట్రెస్ వరకు సాగదీయడం, ఫోమ్‌కు ఇంటీరియర్ కాంటాక్ట్ (ఎలిమెంట్ తనలోకి తాను నలిగిపోకుండా ఆపేది) ఇవ్వడం, టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో దాటే సమయం) స్కేల్ కొంచెం తగ్గించడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది.

ఆరో పని: కూర్చోబెట్టడం

సులువుగా కనిపిస్తుంది, ఎక్కువ రోజులు తినేది ఇదే. శరీరాన్ని సీటుకు కొన్ని మిల్లీమీటర్ల పైన ఉంచి, గురుత్వాకర్షణ ఒక్కటే ఇచ్చి, సీటులో తనంతట తాను దిగేదాకా వేరే రన్ చేయండి. దిగాక వచ్చిన భంగిమ నుంచి అసలు క్రాష్ మొదలుపెట్టండి. శరీరం సీటులోకి చొచ్చుకుపోయి ఉంటే మొదటి మిల్లీసెకనులోనే దాన్ని పైకి విసిరేస్తుంది. ఆ తర్వాత వచ్చే అంకెలన్నీ వృథా. పాదాలు నేల మీద ఆనాలి, చేతులు ఒళ్లో ఉండాలి. రాడ్డు పట్టుకున్న భంగిమ కావాలంటే అది రెండో కేసు. మానవ మోడల్‌లో కీళ్లు డమ్మీలాగా తిరగవు, వాటిని మెల్లగా లాగుతూ ఇంకో సిమ్యులేషన్ ద్వారానే భంగిమ మార్చాలి. దీనికి పైపర్ వాళ్ల టూల్ సాయపడుతుంది.

ఏడో పని: రన్ చేయడానికి ముందు ఇచ్చేవి

త్వరణం కర్వుగా అర్ధ సైన్ ఆకారం ఇవ్వండి. మన లెక్కకు 48 మిల్లీసెకన్ల వ్యవధి, 28 జీ గరిష్ఠం. దీని కింద వైశాల్యం కడితే సెకనుకు 8.33 మీటర్లు రావాలి, సరిచూసుకోండి. రాడ్డును 72వ మిల్లీసెకను దగ్గర తాకుతుందని ముందే తెలుసు కాబట్టి రన్‌ను 130 మిల్లీసెకన్ల వరకైనా నడపాలి. 80 దగ్గర ఆపేస్తే అసలు దెబ్బ సగంలోనే ఆగిపోతుంది.

తల త్వరణాన్ని కనీసం 0.1 మిల్లీసెకనుకు ఒకసారి రాయించండి. యానిమేషన్‌కు 2 మిల్లీసెకన్లు చాలు. యానిమేషన్ ఫ్రేముల నుంచి హెచ్‌ఐసీ కడితే శిఖరాలన్నీ తప్పిపోయి అబద్ధపు చిన్న అంకె వస్తుంది. వచ్చిన సిగ్నల్‌లో అనవసరమైన అదురు తీసేయడానికి సీఎఫ్‌సీ 1000 ఫిల్టర్ వేయాలి. క్రాష్ టెస్టు కొలతల ప్రమాణం ఎస్ఏఈ జె211 తలకు చెప్పేది అదే.

టైమ్ స్టెప్ సంగతి. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5000 మీటర్లు పోతుంది. 5 మి.మీ. ఎలిమెంట్‌ను దాటడానికి దానికి ఒక మైక్రోసెకను పడుతుంది. టైమ్ స్టెప్ అంతకన్నా పెద్దది కాకూడదు. 130 మిల్లీసెకన్లకు 1,30,000 స్టెప్పులు. ఎక్కడో మూల ఒక్క ఎలిమెంట్ 1 మి.మీ. ఉన్నా మొత్తం మోడల్ 6,50,000 స్టెప్పులు నడవాలి. అందుకే మెష్‌లో అతి చిన్న ఎలిమెంట్లను వెతికి బాగుచేయడం కొత్త కంప్యూటర్ కొనడం కన్నా మేలు. మాస్ స్కేలింగ్ (టైమ్ స్టెప్ పెంచడానికి చిన్న ఎలిమెంట్లకు కృత్రిమంగా బరువు చేర్చడం) వాడితే ఎంత బరువు చేరిందో, ఎక్కడ చేరిందో చూడండి. తలకు, ప్యాడ్‌కు చేరితే ఫలితమే మారిపోతుంది.

ఎండాకాలం అనంతపురంలో ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తుంది. పెద్ద రన్లు రాత్రి పెట్టండి. కరెంటు పోతుందన్న లెక్కతోనే రీస్టార్ట్ ఫైళ్లు గంట గంటకూ రాసేలా సెట్ చేయండి.

ఎనిమిదో పని: చిన్నదానితో మొదలుపెట్టి నమ్మకం కుదుర్చుకోండి

మొదటి రన్‌లో తల ఒక్కటే ఉండాలి. 4.5 కిలోల తల ఆకారాన్ని 8.33 వేగంతో ప్యాడ్ మీదికి వదలండి. వచ్చిన హెచ్‌ఐసీని కాగితం మీది లెక్కతో పోల్చండి. తల నేరుగా తగిలి పూర్తిగా ఆగితే మీ అంకె కాగితం లెక్క కన్నా ఎక్కువే ఉండాలి, ఎందుకంటే నిజమైన ఫోమ్ ఎప్పుడూ ఒకే బలంతో నలగదు. తక్కువ వస్తే తల పక్కకు జారిందేమో, యూనిట్లు తప్పేమో, కాంటాక్ట్ పనిచేయక తల ప్యాడ్‌లోంచి దూసుకుపోయిందేమో చూడండి.

ప్రతి రన్ తర్వాత రంగుల బొమ్మల కన్నా ముందు ఎనర్జీ గ్రాఫ్ తెరవండి. బయటి పని కలుపుకున్నాక మొత్తం ఎనర్జీ నిలకడగా ఉండాలి. అవర్‌గ్లాస్ ఎనర్జీ (ఎలిమెంట్లు నిజంలో లేని వంకర ఆకారాల్లోకి పోకుండా ఆపడానికి ఖర్చయ్యేది) ఇంటర్నల్ ఎనర్జీలో పది శాతం లోపే ఉండాలి, ఐదు లోపు ఉంటే ఇంకా మంచిది. మొత్తం మోడల్‌కే కాదు, ప్యాడ్‌కు విడిగా చూడండి. కాంటాక్ట్ ఎనర్జీ మైనస్‌లోకి జారితే చొచ్చుకుపోవడం జరుగుతోందని గుర్తు. తర్వాత మెష్‌లో ఎలిమెంట్ల సైజు సగం చేసి మళ్లీ రన్ చేయండి. హెచ్‌ఐసీ బాగా మారిపోతే మొదటి మెష్ చాలలేదన్నమాట.

మానవ మోడల్‌కు వచ్చేసరికి ఇంకో మెట్టు ఉంది. మీరు దించుకున్న మోడల్‌ను దాని తయారీదారులు ఏయే ప్రయోగాలతో సరిచూశారో డాక్యుమెంట్లలో ఉంటుంది. వాటిలో ఒకటి, తల దెబ్బదో ఛాతీ దెబ్బదో, మీ కంప్యూటర్‌లో మీరు మళ్లీ చేసి అదే కర్వు వస్తోందా చూడండి. ఆ ప్రయోగాలు చాలావరకు చనిపోయాక తమ శరీరాలను వైద్యానికి ఇచ్చినవాళ్ల మీద చేసినవి. అమెరికాలో వేన్ స్టేట్ యూనివర్సిటీ 1939లోనే ఈ పని మొదలుపెట్టింది. తల ఎంత దెబ్బను తట్టుకుంటుందో చూపే, అక్కడ తయారైన సహన కర్వు నుంచే హెచ్‌ఐసీ వచ్చింది. బతికి ఉండగానే తన ఒంటి మీద ప్రయోగం చేసుకున్నవారూ ఉన్నారు. 1954 డిసెంబర్ 10న జాన్ పాల్ స్టాప్ అనే వైమానిక దళ వైద్యుడు రాకెట్ బండి మీద కూర్చుని 46.2 జీ తగ్గుదలను భరించాడు. మీ గ్రాఫ్‌లో సన్నటి గీతగా కనిపించే హద్దు వెనక ఇంతమంది ఉన్నారు. ఆ గీతను నిర్లక్ష్యంగా వాడకండి.

తొమ్మిదో పని: అంకెను గాయంగా చదవడం

హెచ్‌ఐసీ 690 వస్తే క్షేమం, 710 వస్తే మరణం అని రాయకండి. హద్దు దాటకపోయినా కొందరికి గాయం అవుతుంది. అంకె చెప్పేది అవకాశం ఎంత అనే. గాయం తీవ్రతకు వైద్యులు, ఇంజనీర్లు కలిసి వాడే స్కేలు అబ్రివియేటెడ్ ఇంజురీ స్కేల్. 1 అంటే చిన్న గాయం, 6 అంటే వైద్యానికి లొంగనిది. హెచ్‌ఐసీ నుంచి ఏ స్థాయి గాయానికి ఎంత అవకాశమో చెప్పే రిస్క్ కర్వులున్నాయి. ఫలితాన్ని ఆ రూపంలో ఇవ్వండి.

పైగా హెచ్‌ఐసీకి తల తిరగడం కనిపించదు. రాడ్డు గడ్డానికి తగిలి తల గిర్రున వెనక్కి తిరిగితే మెదడు లోపల కణజాలం సాగుతుంది, నేరు త్వరణం మాత్రం తక్కువే ఉండవచ్చు. అందుకే తల కోణీయ వేగాన్ని కూడా రాయించి, దాని మీద ఆధారపడిన బ్రిక్ అనే కొలత కట్టండి. మానవ మోడల్ ఉంటే మెదడు ఎలిమెంట్లలో స్ట్రెయిన్ నేరుగా చూడొచ్చు. పక్కటెముకల విషయంలోనూ అంతే. డమ్మీలో ఛాతీ ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో చూస్తాం, అమెరికా హద్దు మగ డమ్మీకి 63 మి.మీ. మానవ మోడల్‌లో ఒక్కో ఎముక మీది స్ట్రెయిన్ చూస్తాం. వయసు పెరిగేకొద్దీ ఎముక తక్కువ స్ట్రెయిన్‌కే విరుగుతుంది. కూలికి వెళ్లే అరవై ఏళ్ల అవ్వకు, ఇరవై ఏళ్ల మనవరాలికి ఒకే హద్దు పెట్టడం తప్పు.

గాయాల గురించి మీకు మీరే తీర్పు ఇవ్వకండి. కర్నూలు మెడికల్ కాలేజీ లాంటి చోట ఫోరెన్సిక్ విభాగం వాళ్లను మీ హెచ్‌ఓడీ లెటర్‌తో కలిసి యానిమేషన్ చూపించండి. ఇలాంటి దెబ్బలతో వచ్చినవాళ్లలో దవడ విరగడం ఎక్కువా, నుదురు పగలడం ఎక్కువా అని అడగండి. పేషెంట్ల పేర్లు, ఫొటోలు, కేసు నంబర్లు అడగకండి, వాళ్లే ఇచ్చినా రిపోర్టులో పెట్టకండి.

పదో పని: మార్చి మార్చి చూడండి

ఒక్క రన్ ఏదీ రుజువు చేయదు. వేగం 20, 30, 40, రాడ్డు ఎత్తు మీరు కొలిచిన ఆటోల్లో తక్కువది, ఎక్కువది, ప్యాడ్ మందం 30, 60, కూర్చున్న మనిషి చిన్న మహిళ, సగటు మగవాడు, సీటు రాపిడి రెండు విలువలు. అన్నీ కలిపితే చాలా రన్లవుతాయి. కాబట్టి వీటిని తల ఒక్కటే ఉన్న మోడల్‌తో, డమ్మీతో చేసి, ముఖ్యమని తేలిన రెండు మూడు కేసులకే మానవ మోడల్ వాడండి. ఫలితాన్ని ఒక్క అంకెగా కాక, ఇంత నుంచి ఇంత వరకు అని ఇవ్వండి. ప్యాడ్ వల్ల లాభం అన్ని కేసుల్లోనూ కనిపిస్తే అది గట్టి మాట. ఒక కేసులోనే కనిపిస్తే అదే రాయండి. ప్యాడ్ వల్ల తల దెబ్బ తగ్గి మెడ మీద బలం పెరిగిన కేసు ఏదైనా ఉంటే దాన్ని దాచకండి, పట్టికలో ముందు వరుసలో పెట్టండి.

రిపోర్టు చివర్లో ఇన్‌పుట్ ఫైళ్లు, మీరు తీసిన ఫోమ్ కర్వు, ఆటో కొలతలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఎనర్జీ గ్రాఫులు అన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వండి. వచ్చే ఏడాది బ్యాచ్ మీరు ఆగిన చోటు నుంచి టూవీలర్ ప్రశ్న మొదలుపెట్టగలగాలి. రెండు పేజీల తెలుగు కాపీ ఒకటి వేరుగా రాసి, కొలతలకు ఒప్పుకున్న షెడ్డు మేస్త్రీకి తీసుకెళ్లండి. ప్యాడ్ ఎంత మందం, రాడ్డు ఎంత వెడల్పు, ఎంత ఎత్తులో వెల్డింగ్ చేయాలి, ఎంత ఖర్చవుతుంది, ఈ నాలుగూ అందులో బొమ్మతో సహా ఉండాలి.